చలిగంగ మీద ఎర్రగీత

పడుకుందామంటే నిద్ర రావట్లేదు. చిన్నదాని సైన్స్ ప్రాజెక్టు మీద అడ్డంగా గీసిన ఆ ఎర్రగీతే కళ్లముందు ఆడుతోంది.

చల్లటి నది ఒడ్డున బతికే మొక్కను ఊహించి రాయమన్నది వాళ్లే. ఇది ఊహించింది. పేరు చలిగంగ. మోకాలెత్తు పొద. ఆకుల అడుగున వెండిరంగు నూగు, మంచుగడ్డలు గుద్దుకుంటూ పోయినా విరక్కుండా వంగే కొమ్మలు, ఒడ్డు కోసుకుపోకుండా గులకరాళ్లను పట్టి ఉంచే వేళ్లు. పైన టీచర్ మాట: "ఇలాంటి మొక్క ఎక్కడా లేదు." ఉన్నదాని గురించి రాయాలంటే ఊహించమనడం దేనికి? అన్నం కూడా సరిగ్గా తినలేదు పిల్ల.

అసలు ఎక్కడా లేకపోవడమేంటి! దాని దగ్గరి చుట్టాన్ని మేం లద్దాఖ్‌లోని నుబ్రా లోయలో చూశాం. హుండర్ దగ్గర, ష్యోక్ నది పక్కన సీబక్‌థార్న్ పొదలు. సెప్టెంబరు కదా, కొమ్మ కనపడకుండా నారింజరంగు పళ్లు. ఈయన ఆత్రంగా చెయ్యి పెట్టారు, ముల్లు కసుక్కున దిగింది. కోయబోతే పండు వేళ్ల మధ్యే చిట్లిపోతుంది. ఇక్కడ కర్రతో కొమ్మ మీద కొట్టి రాలుస్తామని డ్రైవర్ చెప్పాడు. నోట్లో వేసుకుంటే పచ్చి చింతకాయను మించిన పులుపు. చిన్నది ముఖమంతా ముడుచుకుని, వెంటనే ఇంకోటి కావాలంది.

ఆ మొక్క మైనస్ 40 డిగ్రీల చలికీ తట్టుకుంటుంది. వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి, అందుకే ఉత్త ఇసుకలోనూ పెరుగుతుంది. వేళ్ల నుంచి పిలకలు లేచి ఒడ్డంతా అల్లుకుంటుంది. చిన్నది వేసిన బొమ్మ అచ్చం అదే.

ఇదంతా టీచర్‌కి మెసేజ్ పెడదామని కూర్చుని, ప్రాజెక్టు మళ్లీ తిరగేశాను. మంచు కురిసే నెలలో పూసే పువ్వులకు సీతాకోకచిలుకలు పుప్పొడి మోస్తున్నట్టు చిన్నది బొమ్మ వేసింది. దాని పక్కన టీచర్ పెన్సిల్‌తో సన్నగా రాశారు: "మంచు కురిసే నెలలో సీతాకోకచిలుకలు ఎక్కడివి?"

మంచి ప్రశ్న. సీబక్‌థార్న్‌కి ఆ బెడద లేదు. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు, పుప్పొడిని గాలే మోస్తుంది. అంత శ్రద్ధగా చదివినావిడ మళ్లీ ఆ గీత ఎందుకు గీసినట్టు? సగం కోపం పోయింది, సగం అలాగే ఉంది.

మెసేజ్ చెరిపేశాను. సీతాకోకచిలుకల సంగతి పొద్దున చిన్నదాన్నే ఆలోచించుకోమంటాను. గీత గురించి మాత్రం శనివారం పేరెంట్స్ మీటింగులో నేనే అడుగుతాను. నుబ్రా ఫొటోలు పాత ఫోన్లో ఉన్నాయి, ఛార్జింగ్ పెట్టాలి.