బొమ్మను కొట్టిన పిల్లలు

మా మేనల్లుడు ఫోనులో తుపాకుల ఆట ఆడుతుంటే ఇంట్లో పెద్దవాళ్లు "వీడు రౌడీ అయిపోతాడు" అని భయపడినప్పుడల్లా, మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 72 మంది చిన్నపిల్లలతో చేసిన ప్రయోగం నాకు గుర్తుకొస్తుంది. గాలి నింపిన బోబో బొమ్మను పెద్దవాళ్లు సుత్తితో కొట్టడం చూసిన పిల్లలు అవే దెబ్బలను, అవే మాటలను అనుకరించారు. 1963లో ఆ దృశ్యాన్ని తెర మీద చూపినా అనుకరణ కనిపించింది. అయితే ఆ బొమ్మ దెబ్బలు తినడానికే తయారైనది, దాన్ని కొట్టినవాడు తోటి పిల్లవాడిని కూడా కొడతాడని ఆ ప్రయోగం రుజువు చేయలేదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వ్యసనం. ఆటపై అదుపు తప్పి, జీవితంలోని మిగతా పనులు దెబ్బతింటున్నా ఆపలేకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలులోకి వచ్చిన వ్యాధుల వర్గీకరణలో రుగ్మతగా చేర్చింది. మా వాడు ఇప్పటివరకు ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు కానీ, కంచం ముందు కూర్చున్నా తెర మీది నుంచి చూపు తిప్పడం లేదు.