థర్‌స్టన్ డార్ట్ జీవిత వ్యాసం అచ్చుకెక్కేదాకా – నా అనుభవం

వ్యాసం మొన్ననే అచ్చయింది. చిరాకు ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. థర్‌స్టన్ డార్ట్ ఇంగ్లండ్ సంగీత శాస్త్రవేత్త, హార్ప్సికార్డ్ (తీగలను మీటి పలికించే పాతకాలపు కీబోర్డు వాద్యం) విద్వాంసుడు. ఆయన మీద ఒక తెలుగు సంచికకు జీవిత వ్యాసం రాశాను. బ్రిటన్ విద్యావేత్తల గురించి తెలుగులో రాయాలనుకునేవాళ్లకు ఇందులో దారి కనబడుతుంది.

పుట్టింది 1921 సెప్టెంబర్ 3న సర్బిటన్‌లో, పోయింది 1971 మార్చి 6న లండన్‌లో. ఇందులో పేచీ లేదు. బాగా పేరు తెచ్చిన పుస్తకం ‘ది ఇంటర్‌ప్రెటేషన్ ఆఫ్ మ్యూజిక్’ 1954లో వచ్చింది. అదీ ఒక్క వాక్యంలో తేలిపోయింది.

నన్ను ఏడిపించింది కాలేజీలు. డార్ట్ జీవితంలో వచ్చే ప్రతి కాలేజీ పేరుకూ మరోచోట ఒక జంట ఉంది. ముందు రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్, 1938–39. లండన్‌లోనే రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్ అని వేరే సంస్థ ఉంది, రెండూ ఒకటి కావు. తర్వాత ఎక్సెటర్ ఊళ్లోని యూనివర్సిటీ కాలేజీలో గణితం. ఎక్సెటర్ కాలేజీ అని ఆక్స్‌ఫర్డ్‌లో మరొకటి ఉంది, దానికీ ఈయనకూ సంబంధం లేదు. పైగా ఎక్సెటర్‌కు సొంత విశ్వవిద్యాలయ హోదా 1955లో గానీ రాలేదు, అప్పటిదాకా అక్కడ చదివినవాళ్లకు పట్టా ఇచ్చింది లండన్ విశ్వవిద్యాలయం. అందుకే ఒకచోట ‘ఎక్సెటర్‌లో చదివారు’ అనీ, ఇంకోచోట ‘1942 లండన్ పట్టా’ అనీ కనబడుతుంది. రెండూ నిజమే. ఒకటి కొట్టేసి ఒకటి ఉంచితే తప్పు మీదే అవుతుంది.

కేంబ్రిడ్జ్‌కు వస్తే ఇంకో ముడి. అక్కడ విశ్వవిద్యాలయం ఇచ్చే ఉద్యోగం వేరు, కాలేజీ ఇచ్చే ఫెలో హోదా, అంటే ఆ కాలేజీ పండిత సభ్యత్వం, వేరు. డార్ట్ 1947లో అసిస్టెంట్ లెక్చరర్, 1952లో లెక్చరర్, ఇవి విశ్వవిద్యాలయానివి. 1953లో జీసస్ కాలేజీ ఫెలో; ఇది కాలేజీది. వీటిని ఒకే నిచ్చెన మెట్లలా వరసగా రాస్తే, లెక్చరర్ నుంచి ఫెలోగా ‘పదోన్నతి’ వచ్చినట్టు పాఠకుడు అనుకుంటాడు. రెండు వేరు వాక్యాల్లో రాయండి. జీసస్ కాలేజీ ఆక్స్‌ఫర్డ్‌లోనూ ఉంది, కాబట్టి ‘కేంబ్రిడ్జ్’ అన్న మాట ప్రతిసారీ పక్కనే పెట్టండి.

1962లో పాట్రిక్ హ్యాడ్లీ తర్వాత ఆయన అక్కడ సంగీత ప్రొఫెసరయ్యారు. అప్పటి బ్రిటన్‌లో ప్రొఫెసరంటే సర్వీసు నిండితే వచ్చే హోదా కాదు, ఒక పీఠం. దాంట్లో ఉన్నవారు దిగితేనే మరొకరు ఎక్కుతారు. 1964లో డార్ట్ ఆ పీఠం వదిలి లండన్ కింగ్స్ కాలేజీకి వెళ్లారు. కేంబ్రిడ్జ్‌లో కూడా ఒక కింగ్స్ కాలేజీ ఉంది, గాయక బృందంతో లోకమంతా ఎరిగినది. ‘కేంబ్రిడ్జ్ వదిలి కింగ్స్ కాలేజీలో చేరారు’ అని మాత్రం రాస్తే చదివేవాడు తికమకపడక తప్పదు.

ఇవన్నీ విడమర్చి పంపితే, సంపాదకవర్గంలో ఒకాయన ప్రూఫులో ఎక్సెటర్‌ను ఆక్స్‌ఫర్డ్‌కు మార్చారు, ‘లండన్’ అన్న మాట కొట్టేశారు. దానిమీద ఒక ప్రశ్న: గణితం పట్టా ఉన్నాయన సంగీతాచార్యుడు ఎలా అవుతాడు, ఇద్దరు డార్ట్‌లను కలిపేశారేమో సరిచూసుకోండి అని. అది నాకొక్కడికే రాసినా సరిపోయేది, మిగతా రచయితలందరికీ ప్రతి వెళ్లింది. ఆ ఉత్తరం చూసి తలకొట్టేసినట్టయింది. మన దగ్గర ఏ సబ్జెక్టులో పీజీ చేస్తే ఆ సబ్జెక్టులోనే ఉద్యోగం, ఆ కొలబద్దే లోకమంతటికీ పెడతారు. డార్ట్ యుద్ధకాలంలో గణాంక పరిశోధన చేశారు. యుద్ధం అయ్యాక బ్రస్సెల్స్‌లో షార్ల్ వాన్ డెన్ బోరెన్ దగ్గర సంగీత చరిత్ర నేర్చుకున్నారు. ఆ వెంటనే కేంబ్రిడ్జ్. ఈ మూడూ వరసగా పెడితే ఇద్దరు మనుషులకు చోటే లేదు. నేను సంవత్సరాల వారీగా ఒక పట్టీ తయారుచేసి పంపాను: ఊరు, సంస్థ, పదవి, పదవి ఇచ్చిందెవరు. నాలుగు గడులు. మీరు మొదటి రోజే ఈ పట్టీ వేసుకోండి. నా పట్టీలో ఒక్క గడి కూడా ఎవరూ తప్పుపట్టలేకపోయారు, చివరికి నేను మొదట పంపిన పాఠమే అచ్చయింది. క్షమాపణ మాత్రం రాలేదు.

డార్ట్ కేంబ్రిడ్జ్ ఎందుకు వదిలారన్న చోట ‘గొడవ ఏమిటో రాయండి’ అన్నారు సంపాదకులు. గాసిప్పు అక్కర్లేదు. తాను కోరిన మార్పులకు అక్కడ వీలు చిక్కలేదు, లండన్‌లో కొత్త సంగీత విభాగాన్ని మొదటినుంచీ కట్టే అవకాశం దొరికింది. దాని ఫలితం శిష్యుల్లో చూడండి: సంగీత నిర్దేశకుడు జాన్ ఎలియట్ గార్డినర్, స్వరకర్త మైకేల్ నైమన్. కేంబ్రిడ్జ్ రోజుల నుంచి సంగీత నిర్దేశకుడు క్రిస్టఫర్ హాగ్‌వుడ్. పాత వాద్యాలతో పాత సంగీతం వాయించే ఉద్యమానికి ఇంగ్లండ్‌లో ఇంత దన్ను ఇచ్చిన గురువు మరొకరు లేరని నా అభిప్రాయం.

డార్ట్ సంపాదకత్వం వహించిన పుస్తకాల దగ్గర ఒక జాగ్రత్త. బ్రిటన్ సంగీత రచనలను అచ్చువేసే ‘మ్యూజికా బ్రిటానికా’ మాల సంపుటాలన్నీ డార్ట్ ఖాతాలో వేయకండి. 1951లో మొదలైన ఆ మాలకు ఆయన కార్యదర్శి. 9వ సంపుటం విలియం కోట్స్‌తో కలిసి చేశారు. పాతకాలపు ఇంగ్లిష్ స్వరకర్త జాన్ బుల్ కీబోర్డు రచనల్లో 14వ సంపుటానికి సంపాదకులు జాన్ స్టీల్, ఫ్రాన్సిస్ కామెరన్, 19వది డార్ట్‌ది. అట్ట కాదు, లోపలి పేజీ చూడండి.

డార్ట్ రికార్డుల్లో ల్వాజో లీర్ (L'Oiseau-Lyre) కంపెనీవి మోనోకు ‘ఓఎల్’, స్టీరియోకు ‘ఎస్ఓఎల్’ నంబర్లతో వచ్చాయి. ఒకే వాయింపు రెండు నంబర్లతో కనబడుతుంది, రెండు రికార్డులుగా లెక్కేస్తే జాబితా ఉబ్బుతుంది. మళ్లీ వేసిన కాపీ మీది సంవత్సరాన్ని వాయించిన సంవత్సరంగా రాయకండి.

చివరి రికార్డు జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ఆరు బ్రాండెన్‌బర్గ్ కన్సర్టోలు (వాద్యబృందానికి రాసిన కృతులు). నెవిల్ మారినర్ నడిపించిన అకాడమీ ఆఫ్ సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్ బృందంతో, డార్ట్ సిద్ధంచేసిన పాఠంతో. రెండో కన్సర్టోలో ట్రంపెట్ బదులు హార్న్ వినబడుతుంది, నాలుగోదాంట్లో రికార్డర్లు (పిల్లనగ్రోవి లాంటి వాద్యాలు) ఒక స్థాయి పైన పలుకుతాయి. అది పొరపాటు కాదు, అలాగే వాయించాలన్నది డార్ట్ వాదన. రికార్డింగు సాగుతుండగానే ఆయన కన్నుమూశారు. మిగతా హార్ప్సికార్డ్ భాగాలు రేమండ్ లెపార్డ్, కాలిన్ టిల్నీ వాయించారు. కాబట్టి ‘హార్ప్సికార్డ్: డార్ట్’ అని ఆరింటికీ కలిపి రాయకుండా, ఏ కన్సర్టోకు ఎవరో రికార్డు వెంట వచ్చిన కాగితంలో చూసి విడివిడిగా రాయండి.