జాజు రంగు గోడ: పెయింటు డబ్బా కంటే ముందు బల్బు మార్చండి

హాల్లో ఇటుక ఎరుపో, జాజు రంగో, ఆవపిండి పసుపో వేయించి, నెల తిరక్కుండానే గది చీకటైపోయిందని మళ్లీ తెల్లరంగు కొట్టించేవాళ్లు చాలామంది. ఎక్కువసార్లు తప్పంతా ట్యూబులైటుదే. మన ఇళ్లలో సాధారణంగా ఉండేవి 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీలు. వాటి వెలుగులో నీలం పాలు ఎక్కువ, అందుకే ఇటుక ఎరుపు వాటి కింద కళ తప్పి గోధుమరంగులోకి దిగిపోతుంది. అట్టపెట్టె మీద చూసి 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య (పసుపు ఛాయ వెలుగు), సీఆర్‌ఐ 90 ఉన్నవి తెచ్చుకోండి; సీఆర్‌ఐ అంటే ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె. ముదురు గోడ వెలుతురును మింగుతుంది కాబట్టి నడిమధ్య ఒక్క లైటు చాలదు, మూలల్లో ఒకటి రెండు దీపాలు ఉండాల్సిందే.

షేడ్ కార్డులోని వేలెడంత ముక్కను నమ్మొద్దు. చిన్న డబ్బా తెచ్చి, రెండడుగుల చార్టు మీద రెండు కోట్లు వేసి, ఆరాక ఒక్కో గోడకూ ఆనించి పొద్దున, సాయంత్రం, రాత్రి చూడండి. నేరుగా గోడ మీద వేస్తే చుట్టూ ఉన్న పాత రంగు కన్నును మోసం చేస్తుంది. ఉత్తరం కిటికీ ఒక్కటే ఉన్న గదిలో ఆవపసుపు ఆకుపచ్చగా కొట్టొచ్చు, అక్కడ కాస్త ఎరుపు కలిసిన షేడ్ నయం. పడమటి గదిలో సాయంత్రం ఎండకు ఇటుక ఎరుపు మండిపోతుంది, ఒక మెట్టు లేతది తీసుకోండి.

నేలనూ లెక్కలోకి తీసుకోవాలి. నీలం తాండూరు బండల మీద జాజు గోడ ఎంతో నిండుగా ఉంటుంది. పసుపు తాండూరు పక్కన ఆవపసుపు వేస్తే నేలా గోడా ఒకటైపోతాయి. రెడ్ ఆక్సైడ్ గచ్చున్న ఇంట్లో గోడలు మీగడ రంగులో ఉంచడమే మేలు, ఎరుపు ఇప్పటికే ఉంది కదా!

చెమ్మ ఉంటే పని ఆపేయండి. లేత గోడ మీద కనబడని ఉప్పు ముదురు గోడ మీద తెల్లటి మరకలై బయటపడుతుంది. రెండడుగుల పాలిథీన్ కవరును నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. లోపల నీటిబొట్లు పడితే గోడలో తడి ఉన్నట్టే. దాని మీద పుట్టీ పూయడం దండగ, ముందు లీకు వెతకాలి. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆగాలి, వానాకాలంలో ఇంకా ఎక్కువ.

10 అడుగుల ఎత్తు, 12 అడుగుల పొడవున్న గోడకు మామూలుగా రెండు కోట్లకు లీటరు పెయింటు దాదాపు సరిపోతుంది. ముదురు షేడ్లలో తెల్ల పిగ్మెంటు తక్కువ కాబట్టి అడుగు రంగును అంత త్వరగా కప్పవు, మూడో కోటు పడుతుంది. రెండు లీటర్లు ఒకేసారి కలిపించండి. రెండు డబ్బాలైతే బకెట్లో పోసి కలిపేయాలి, లేదంటే గోడ మధ్యలో షేడ్ తేడా తెలిసిపోతుంది. ప్రైమర్‌లో కూడా అదే రంగు కొంచెం కలిపిస్తే ఒక కోటు ఆదా అవ్వొచ్చు. రోలర్ నడిచేటప్పుడు ఫ్యాన్ ఆపాలి. అంచు ఆరిపోయాక దాని మీద రోలర్ పడితే చారలు మిగులుతాయి. అందుకే అంచులన్నీ ముందే బ్రష్‌తో పూర్తిచేయకుండా, కొంత అంచు, వెంటనే దాని పక్క గోడ, అలా సాగాలి. కోటుకూ కోటుకూ నాలుగు నుంచి ఆరు గంటలు. అంచులకు టేపు అంటించి ఉంటే, చివరి కోటు తడిగా ఉండగానే దాన్ని లాగేయండి.

పూర్తి మ్యాట్ (మెరుపు లేని పెయింటు) చూడ్డానికి బాగుంటుంది గానీ, సోఫా వెనక తలలు ఆనిన చోట నిగనిగలాడే మచ్చలు పడతాయి. అక్కడ కొద్దిపాటి షీన్ (మెరుపు) ఉన్నదే వాడండి.

ప్లాస్టిక్ పెయింటు వద్దు, సున్నమే కావాలంటే గోడ మీద పాత పెయింటు ఉండకూడదు, దాని మీద సున్నం నిలవదు. కిలో పొడి సున్నానికి 50 గ్రాముల ఐరన్ ఆక్సైడ్ రంగు పొడితో మొదలుపెట్టండి, 100 గ్రాములు దాటితే చేతికి పొడి అంటుతుంది. తడిలో కనిపించే రంగు ఆరాక బాగా తేలిపోతుంది, బెంబేలెత్తి ఇంకా పొడి వేయొద్దు. పసుపు రంగు కోసం వంటింటి పసుపు కలపాలనుకుంటే అది సున్నంతో కలిసి పారాణి అవుతుంది, ఎండకు వెలిసిపోతుంది కూడా. పసుపు ఆక్సైడే వాడాలి.

పరదాలకు పెడన కలంకారీ ఈ గోడలకు చక్కగా కుదురుతుంది. సహజ రంగులు ఎండకు తగ్గిపోతాయి కాబట్టి వెనక తెల్ల కాటన్ లైనింగ్ కుట్టించండి.