రేవతి పేజీలో ఎం 74 దగ్గర మళ్ళీ ప్రశ్నార్థకమే

మళ్ళీ దొరకలేదండి ఎం 74 గెలాక్సీ. డిసెంబరు అమావాస్య వారం అంతా దీనికే ధారపోశాను, మీనరాశిలోని ఈటా పిసియం నక్షత్రం చుట్టుపక్కల మసక నక్షత్రాలు కూడా కంఠతా వచ్చేశాయి, అసలు గెలాక్సీ మాత్రం రాలేదు. చిరాకు తగ్గకముందే రాసేస్తున్నా, తర్వాతైతే మరీ మర్యాదగా రాస్తాను.

టెలిస్కోపుతో చూసినవి రాసుకునే నా కేటలాగు సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క. నంబర్ల వరసలో ఉండదు, నక్షత్రాల వరసలో ఉంటుంది. అశ్విని నుంచి రేవతి దాకా 27 పేజీలు, ఏది ఏ నక్షత్రానికి దగ్గరైతే ఆ పేజీలోకి. కృత్తిక పేజీలో ఎం 45 ఎలాగూ ఉంది, పుష్యమిలో ఎం 44, జ్యేష్ఠలో ఎం 4, మూలలో ఎం 6, ఎం 7, ఇలా. ఎం అంటే మెస్సియే, ఆయన తోకచుక్కలు వెతుక్కునేవాడు, అడ్డొచ్చిన మసకలన్నిటికీ దొరికిన వరసలో నంబర్లేసుకుంటూ పోయాడు, అందుకే ఎం 1 వృషభంలో ఉంటే ఎం 2 వెళ్ళి కుంభంలో కూర్చుంది. 1888లో డ్రేయర్ వేసిన ఎన్‌జీసీ అనే పెద్ద కేటలాగు కాస్త నయం, 7840 వస్తువులూ ఆకాశంలో పడమర నుంచి తూర్పుకి వరసగా ఉంటాయి. అయినా గోదావరి గట్టు మీద చీకట్లో నిలబడ్డప్పుడు చేతికి అందేది చిన్నప్పుడు అమ్మమ్మ చూపించిన నక్షత్రమే కానీ ఎన్‌జీసీ నంబరు కాదు కదా. ప్రతి వస్తువు ఎదురుగా మూడిట్లో ఒకటి రాస్తాను: చూశా, లేదు, ప్రశ్నార్థకం. రేవతి పేజీలో ఈ ఒక్క ప్రశ్నార్థకం కిందటేడు నుంచి అలాగే ఉంది.

దొరికినవి చెప్పేస్తా, పనైపోతుంది. ఎన్‌జీసీ 253 పొడుగ్గా, బ్రహ్మాండంగా. ఎన్‌జీసీ 7331 సులువు. మిరాక్ పక్కన ఎన్‌జీసీ 404, నక్షత్రాన్ని ఫీల్డు (టెలిస్కోపులో కనిపించే మేర) బయటికి తోసేస్తే వెంటనే. ఎం 77, ఎం 76 ఓకే. ఎం 33లో ఎన్‌జీసీ 604 కూడా చూశా, దానికి మాత్రం గట్టు మీదే ఒక గెంతు గెంతాను.

ఇక మన ఎం 74. ఎన్‌జీసీ 628 అన్నా అదే. 1780లో మెషాన్ అనే ఫ్రెంచి ఖగోళవేత్త పట్టుకున్నాడు, 3 కోట్ల కాంతి సంవత్సరాల దూరం, ఎదురుగా పళ్ళెంలా మనవైపే తిరిగి ఉంటుంది, అదే దీనితో వచ్చిన తంటా. దారి కష్టం కాదు. అశ్వినిలోని షెరటాన్ ఉంది కదా, మేషంలోని హమాల్ నక్షత్రం నుంచి దాని మీదుగా గీత గీసి ఆ రెంటి మధ్య దూరానికి ఇంకో రెండింతలు పొడిగిస్తే ఈటా పిసియం, మాగ్నిట్యూడు 3.6 (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ), అక్కడి నుంచి తూర్పు ఈశాన్యానికి 1.3 డిగ్రీలు. నా 8 అంగుళాల డాబ్‌సోనియన్ టెలిస్కోపుకి 30 మి.మీ. ఐపీసు (కన్ను పెట్టే కటకం) పెడితే 40 రెట్లు, ఫీల్డు 1.7 డిగ్రీలు, నక్షత్రమూ గెలాక్సీ ఉండాల్సిన చోటూ రెండూ ఒకేసారి పడతాయి. కాబట్టి చోటు తప్పుతున్నానేమో అనే మాట వద్దు, చోటు పక్కా.

కాగితం మీద మాగ్నిట్యూడు 9.4. ఆ అంకె చూసి మోసపోకూడదు. ఎం 76 పదో మాగ్నిట్యూడు, అది గబుక్కున కనపడింది, ఎందుకంటే దాని వెలుగంతా రెండు మూడు ఆర్క్‌మినిట్లలో (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్‌మినిట్, అందులో అరవయ్యో వంతు ఆర్క్‌సెకండు) ముద్దగా ఉంది. ఎం 74 వెలుగు పది ఆర్క్‌మినిట్ల మేర పలచగా పరుచుకుంది. లెక్కేస్తే చదరపు ఆర్క్‌సెకండుకి సగటున 23.1 మాగ్నిట్యూడు వస్తుంది. ఇప్పుడు మా ఆకాశం. ఆకాశం ఎంత నల్లగా ఉందో కొలిచే ఎస్‌క్యూఎం మీటరు (అంకె పెరిగితే ఆకాశం నల్లన) నెత్తి మీదకి పెట్టి చూస్తే మా డాబా మీద సాయంత్రం ఏడున్నరకి 19.6, దుకాణాలు కట్టేశాక పదింటికి 20.1. ఏటిగట్టు మీదకెళ్తే 20.4. వాన వెలిసి ఉత్తరగాలి తిరిగిన ఒక్క రాత్రి 20.6, అదే నా రికార్డు. 19.6 దగ్గర ఈ గెలాక్సీ ఆకాశం వెలుగుకి అదనంగా కలిపేది 4 శాతం, 20.6 దగ్గర 10 శాతం. అదే 21.7 ఉండే కొండ ప్రాంతంలో అయితే 27 శాతం. సగటు లెక్కే ఇది, నడుమ భాగం ఇంతకంటే కాంతిగానే ఉంటుంది, కానీ 4 శాతం తేడాని కన్ను పట్టుకోవాలంటే ఎలాగండీ బాబు.

అయితే నా అనుమానం ఆకాశం వెలుగు ఒక్కదాని మీదే కాదు. గట్టు మీద 20.4 ఉన్న అదే రాత్రి పదకొండు దాటాక మళ్ళీ 20.0కి పడిపోయింది. ఊళ్ళో లైట్లు తగ్గుతుంటే ఆకాశం నల్లబడాలి కదా, తెల్లబడుతోంది! అప్పుడు ఉష్ణోగ్రత 20.5, తేమ 94 శాతం, అంటే డ్యూ పాయింటు 19.5 దగ్గర, ఒక్క డిగ్రీ దిగితే గాల్లోనే నీళ్ళు. గోదావరి మీద నుంచి మంచు లేవడం కంటికి కనిపించేదాకా ఆగక్కర్లేదు, దానికి ముందే సన్నటి తుంపర పొర ఒకటి తయారైపోతోంది, అవతల రొయ్యల చెరువుల మీద తెల్ల ఎల్‌ఈడీల వెలుగుని ఆ పొర పట్టుకుని చెదరగొడుతోంది. ఇది నా ఊహ. దీనికి నేను పెట్టుకున్న పరీక్ష రోహిణి: దాని చుట్టూ గుడ్డి వెలుగు వలయంలా ఉంటే ఎస్‌క్యూఎం ఎంత చూపించినా గెలాక్సీల జోలికి వెళ్ళను, తారాగుచ్ఛాలు చూసుకుని పడుకుంటాను. వలయం లేకుండా సూది మొనలా ఉంటేనే ఎం 74 వైపు తిప్పడం. 20.6 వచ్చిన రాత్రి వలయం లేదు.

చెరువు లైట్లు ఆర్పమని అడగొచ్చు కదా అంటారు. అడిగాను. కాపలా ఆయన పాపం ఓపిగ్గానే చెప్పాడు, "ఆయ్, మీకేంటండి, సుక్కలు రేపు కూడా ఉంటాయి. ఏరేటరు ఆగిపోయిందని సీకట్లో మాకెలా తెలుస్తదండి, తెల్లారేసరికి సరుకంతా తేలిపోద్ది" అని. నిజమే, తెల్లవారుజాముకి నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అప్పుడు ఏరేటరు ఆగితే లక్షల్లో నష్టం. ఇంక నోరెత్తలేదు. నేనే నల్ల దుప్పటి ముసుగేసుకుని ఐపీసులో తల దూర్చడం మొదలెట్టా, పక్కనుంచి పడే వెలుగు పూర్తిగా పోయింది, ఎన్‌జీసీ 604 దొరికింది దాని పుణ్యమే. అమావాస్య రాత్రి ఏటిగట్టు మీద నల్ల ముసుగు, ఎర్ర లైటు, ఇక మీరే ఊహించుకోండి, బండి మీద వెళ్ళే ఒకాయన హారన్ ఆపకుండా కొడుతూ పారిపోయాడు.

రెండో అడ్డంకి ఫక్తు మన డెల్టాది. మనం 16.5 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం, ఎం 74 డిక్లినేషను (ఆకాశంలో అక్షాంశం లాంటిది) 15.8. అంటే సరిగ్గా నడినెత్తి మీదుగా, డిగ్రీ కూడా తేడా లేకుండా దాటుతుంది. గాలి పొర అక్కడే పలచన కాబట్టి వినడానికి అదృష్టంలా ఉంటుంది, కానీ డాబ్‌సోనియన్‌కి నడినెత్తి అంటే గొయ్యి. ట్యూబు నిట్టనిలువుగా లేచాక పక్కకి అరడిగ్రీ జరపాలంటే బేసు మొత్తం గిర్రున తిప్పాలి, ఐపీసు చుట్టూ మనమూ తిరగాలి, ఓరచూపుతో అరనిమిషం నిలకడగా చూద్దామంటే కుదరదు. డిసెంబరు అమావాస్యకి ఇది నడినెత్తికొచ్చేది ఏడూ ముప్పావు, ఊరి లైట్లు పూర్తిగా వెలుగుతున్న టైము. అందుకని రెండు గంటలు ఆగి తొమ్మిదీ ముప్పావుకి చూశా, అప్పటికి పడమటివైపు 61 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, గాలి మందం 14 శాతమే ఎక్కువ, అది పెద్ద లెక్కలోది కాదు, ట్యూబు కూడా హాయిగా కదులుతుంది, నదివైపు కాబట్టి కింద లైట్లూ తక్కువ. పదకొండుకి మంచు లేస్తుంది అనుకుంటే నాకు మిగిలింది గంటంపావు. రోజుకి అదే కిటికీ.

ఆ కిటికీలో ఏం చూశానంటే. 40 రెట్ల దగ్గర ఏమీ లేదు, ఆకాశమే బూడిద రంగులో ఉంది. 25 మి.మీ.తో 48 రెట్లు, అదే కథ. 15 మి.మీ. పెట్టి 80 రెట్లకి వెళ్ళాక ఎగ్జిట్ ప్యూపిల్ (ఐపీసు నుంచి కంట్లోకి వచ్చే వెలుగు కట్ట వెడల్పు) 2.5 మి.మీ.కి దిగింది, నేపథ్యం నల్లబడింది. పెద్దది చేస్తే గెలాక్సీ ఇంకా పలచబడుతుంది అంటారు కానీ ఆకాశమూ అంతే పలచబడుతుంది, రెంటి మధ్య తేడా మారదు, మసక సైజు పెరిగితే కంటికి పట్టుకోవడం తేలిక, ఈ విషయంలో తక్కువ పవరే వాడాలనే పాతకాలం సలహా నాకు అస్సలు నచ్చదు. అక్కడ ట్యూబు మీద వేలితో మెల్లగా తడుతూ ఓరచూపుతో చూస్తుంటే ఒక నలుసు మెరిసి పోయింది. గెలాక్సీ కేంద్రమా? చార్టు చూడకుండా నోట్సులో చుట్టూ నక్షత్రాలతో సహా చోటు గీసుకుని ఇంటికొచ్చాక స్టెల్లేరియం అనే ఆకాశపటం సాఫ్ట్‌వేరుతో పోలిస్తే ఒకసారి 6 ఆర్క్‌మినిట్లు పక్కకి వచ్చింది, అంటే అది మామూలు మసక నక్షత్రం. 20.6 ఉన్న రాత్రి గీసింది మాత్రం సరిగ్గా కేంద్రం మీదే పడింది. కానీ ఒక్క రాత్రే, మూడు నాలుగు సెకన్లే, చుట్టూ మసక ఏమీ లేదు. దాన్ని "చూశా" అని రాసుకోవడానికి మనసొప్పలేదు. 120 రెట్ల దగ్గర ఆ నలుసు కూడా లేదు.

మంచు అద్దం మీద పడిందేమో అని అడిగేవాళ్ళకి: సెకండరీకి (ట్యూబులోని చిన్న అద్దానికి) 12 వోల్టుల హీటరు ఉంది, ప్రతి అరగంటకీ టార్చితో చూశా, పొడిగానే ఉంది. గురి చూసుకునే టెల్‌రాడ్ అద్దం మాత్రం తడిసి ముద్దైంది, అయినా ఆ మూడు ఎర్ర వలయాలు లేకుండా నేను ఆకాశంలో అడుగు తీసి అడుగేయలేను, పక్కన కర్చీఫ్ పెట్టుకుని తుడుచుకుంటూ వాడతా. కొన్ని రంగుల వెలుగునే లోపలికి వదిలే యూహెచ్‌సీ ఫిల్టరు పెట్టమని ఒకరు చెప్పారు. నీహారికలకి అది బంగారం, గెలాక్సీలకి దండగ, వాటి వెలుగు నక్షత్రాలది కాబట్టి అన్ని రంగుల్లోనూ ఉంటుంది, ఫిల్టరు దాన్నీ కోసేస్తుంది. మా బావమరిదైతే "బావా, ఫొటోలు తీసే టెలిస్కోపు సీస్టార్ ఎస్50 కొనెయ్యి, పది నిమిషాల్లో ఫోనులో సుడి చేతులతో సహా వచ్చేస్తుంది నీ గెలాక్సీ" అంటాడు. వస్తుంది, కాదనను, 50 మి.మీ. లెన్సుతో అది చేసే పని చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఈ పుస్తకంలోకి కంటితో చూసినవే ఎక్కుతాయి, వాడి ఫోనుకి వేరే పుస్తకం పెట్టుకోమన్నా.

అక్టోబరు ఎలాగూ మొంథా తుపానుకే పోయింది, నవంబరు చివర అంతా కోతలయ్యాక గడ్డి తగలబెట్టిన పొగ. ఇక మిగిలింది జనవరి 18 అమావాస్య. సంక్రాంతి వెళ్ళిన మూడు రోజులకి వస్తోంది, భోగిమంటల పొగ, బాణసంచా సర్దుకుని ఉండాలి. అప్పటికి ఎం 74 ఆరింటికే నెత్తి దాటేస్తుంది కాబట్టి ఏడున్నర, ఎనిమిది మధ్య చూడాలి, మంచు లేవకముందే అన్నది లాభం, ఊరి లైట్లన్నది నష్టం. గట్టు కాకుండా అంతర్వేది అవతల ఇసుక దిబ్బల మీదకి వెళ్దామనుంది, పడమరా దక్షిణమూ చెరువులు తక్కువ. ఉప్పుగాలి అద్దానికి మంచిది కాదు, ఒక్క రాత్రికి పర్లేదులే.

ఉగాదికి మెస్సియే మారథాన్ కూడా అనుకుంటున్నా. కొత్త అమావాస్య ఉగాది ముందే వస్తుంది, ఈసారి ఉగాది మార్చి 19న, ఒకే రాత్రిలో అన్నీ చూసేయడానికి సరిగ్గా ఆ రోజులే. ఉత్తరాన బాగా పైనున్న దేశాలవాళ్ళని ఏడిపించే ఎం 30 తారాగుచ్ఛం మనకి తెల్లారకముందే ఎనిమిది డిగ్రీల ఎత్తుకి వచ్చేస్తుంది. వచ్చిన చిక్కల్లా ఎం 74తోనే, పూర్తి చీకటి పడేసరికి అది పడమట పది డిగ్రీల ఎత్తులో ఉంటుంది. నెత్తి మీదున్నప్పుడే పలకనిది అక్కడ పలుకుతుందా? మొత్తం 110లో 109 దగ్గర ఆగడానికి ముందే సిద్ధపడి వెళ్తా. తర్వాత ఏప్రిల్లో అదే బీచి నుంచి దక్షిణానికి ఒమేగా సెంటారీ తారాగుచ్ఛం, 26 డిగ్రీల ఎత్తుకి లేస్తుంది, ముందంతా సముద్రమే, ఒక్క చెరువు లైటు లేదు. కుదిరితే ఎన్‌జీసీ 5128 గెలాక్సీ కూడా. ఈ మధ్యలో మారేడుమిల్లి వైపు ఎవరైనా వెళ్తుంటే చెప్పండి, ట్యూబు వెనక సీటులో పట్టేస్తుంది, బేసు డిక్కీలో, పెట్రోలు సగం నాది.