గుడి ఉన్న ఊరు

పిట్స్‌బర్గ్ చూశారా అని ఎవరడిగినా "ఓ, ఎన్నోసార్లు" అనేదాన్ని. పదిహేడేళ్ళుగా అదే జవాబు. న్యూజెర్సీలో మా ఎడిసన్ నుంచి తెల్లవారుజామున బయలుదేరితే మధ్యాహ్నానికి పెన్‌హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి గుడి. దర్శనం, క్యాంటీన్‌లో పులిహోర, దద్దోజనం, మళ్ళీ హైవే. మా వాడికి పుట్టువెంట్రుకలు తీయించింది అక్కడే, మా మరిది పెళ్ళి మొక్కు తీర్చుకుంది అక్కడే. 1976లో పని మొదలుపెట్టి 1977లో కుంభాభిషేకం చేసిన గుడి అది. అప్పటికి ఈ దేశంలో మనకంటూ ఉన్న గుళ్ళు వేళ్ళ మీద లెక్కే. తిరుమలను తలుచుకుంటూ కొండవాలున కట్టుకున్నారు. దాంతో మనవాళ్ళ నోట్లో పిట్స్‌బర్గ్ అనేది ఆ గుడి పేరైపోయింది. పది మైళ్ళ అవతల ఒక ఊరుందని తెలుసు గానీ, అటు వెళ్ళే పని ఎప్పుడూ పడలేదు.

కారు చెడిపోయి ఆ పని పడింది.

కిందటేడు, సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే ముందు శుక్రవారం. గుడి ఇంకో రెండు మలుపులుందనగా గేరు పడనని మొరాయించింది. కారును లాక్కెళ్ళిన మెకానిక్ సాయంత్రం ఫోన్ చేసి, పార్ట్ తెప్పించాలి, సోమవారం సెలవు, మంగళవారం మధ్యాహ్నానికి ఇవ్వగలిగితే ఇస్తా అన్నాడు. మూడు రోజులు, కారు లేకుండా, అమెరికాలో. మా ఆయనకు టెన్షన్. మా పదమూడేళ్ళవాడు "ఇక్కడ చూడ్డానికేముంది" అని అప్పుడే మొదలెట్టాడు.

హోటల్ కౌంటర్ మీద పేర్చిన కాగితాల్లో ఒకదాని మీద తుప్పు పట్టిన ఇనుప కట్టడం బొమ్మ కనిపించింది. మా ఆయన రిఫైనరీ అనుకున్నారు. నేను చూడగానే పోల్చుకున్నాను. నేను పెరిగింది ఉక్కునగరం క్వార్టర్స్‌లో. నాన్న విశాఖ ఉక్కులో బ్లాస్ట్ ఫర్నేస్ మనిషి, అంటే ఖనిజం కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిమి దగ్గర పని. ఎ షిఫ్ట్, బి షిఫ్ట్, సి షిఫ్ట్‌లను బట్టే మా ఇంట్లో అన్నం ఉడికేది, టీవీ మోగేది. ఆ బొమ్మ మీద వేలు పెట్టి "రేపు ఇక్కడికే" అన్నాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. చెప్పడానికి వాళ్ళ దగ్గర వేరే ప్లాన్ కూడా లేదు లెండి.

వాటిని క్యారీ ఫర్నేసులంటారు. మొనోంగహీలా నది ఒడ్డున 6, 7 నంబర్లు మిగిలాయి. 1907లో కట్టినవి, 92 అడుగుల ఎత్తు, 1978లో ఆరిపోయాయి. ఇక్కడ తీసిన ఇనుము కరిగిన వేడి మీదే రైలు బళ్ళలో వంతెన మీదుగా నది దాటి హోమ్‌స్టెడ్ మిల్లుకు వెళ్ళి ఉక్కయ్యేది. మాకు తిప్పి చూపించిన పెద్దాయనకు డెబ్భై దాటి ఉంటాయి. కుర్రతనంలో హోమ్‌స్టెడ్‌లో పనిచేశాడట. మమ్మల్నందరినీ కలిపి "యిన్జ్" అని పిలుస్తున్నాడు. ఇంగ్లీషులో మన 'మీరంతా'కు సరైన మాట లేదు కదా, ఈ ఊరివాళ్ళు ఒకటి తయారు చేసుకున్నారు. మా వాడికి అది తెగ నచ్చేసి, మూడు రోజులూ మమ్మల్ని అలాగే పిలిచాడు.

ఫర్నేస్‌లోంచి ఇనుమును బయటికి వదిలే కాస్ట్ హౌస్‌లో ఇసుక మీద కరిగిన ఇనుము పారిన కాలవలు ఇప్పటికీ కనిపిస్తాయి. నేను ఆగలేక నాన్నకు వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర, భోజనం ముగించి మడతకుర్చీలో ఉన్నాడు.

"ఏటమ్మా, గుడికెళ్ళారా?"

"గుడి తర్వాత, నాన్నా. ఇది చూడు."

ఫోన్ తిప్పాను. కాసేపు మాటే లేదు. నెట్ పోయిందేమో అనుకున్నాను.

"ఇంకొంచెం కిందకి. ఆ కన్నం దగ్గరకెళ్ళు. అదే, అదే. ట్యాప్ హోల్ అది, ఇనుము బయటికొచ్చేది అందులోంచే. మూయడానికి మట్టి గన్ ఉండాలే, ఎడం పక్కన చూడు." ఎడం పక్కనే ఉంది. "పేరేటన్నావు?"

"క్యారీ."

"ఆడపిల్ల పేరా?" అని నవ్వాడు. విశాఖలో ఫర్నేసులు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. నాన్న పాతికేళ్ళు గోదావరి దగ్గరే చేశాడు. "నా రోజుల్లో మన గోదావరి 3200 క్యూబిక్ మీటర్లు. ఇది దాని ముందు చంటిపిల్ల. అయినా 1907లో ఇంత కట్టారంటే మొనగాళ్ళే," అన్నాడు. నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్తే గైడ్ టోపీ తీసి ఫోన్ వైపు ఊపాడు. మా వాడు నా భుజం పక్కన నిలబడి, తాతయ్య ఇలాంటి దాని ముందు నిలబడి పనిచేశాడా అని మెల్లగా అడిగాడు. నిండు ఎండాకాలం కూడానా అని మళ్ళీ అడిగాడు.

ఫర్నేసుల వెనక పెద్ద జింక తల ఉంది, 45 అడుగుల ఎత్తు. మూతపడ్డ ఫ్యాక్టరీలోకి 1990ల చివర్లో కొందరు ఆర్టిస్టులు దొంగచాటుగా దూరి, అక్కడే పడి ఉన్న పైపులూ ట్యూబులతో కట్టారు. నేరం చేసి వదిలిన పనిని ఊరు తీసిపారేయలేదు, టూర్‌లో కలిపేసింది.

నది అవతల హోమ్‌స్టెడ్ మిల్లు 1986లో మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు షాపింగ్ సెంటరు, సినిమా హాలు. పక్కన పన్నెండు పొగ గొట్టాలు వరసగా ఊరికే నిలబడి ఉన్నాయి. 1892లో జీతాల గొడవలో కార్మికులు ఆ ఒడ్డునే కంపెనీ పడవల్లో దింపిన ప్రైవేటు సాయుధులతో తలపడ్డారు. రెండు పక్కలా మనుషులు పోయారు. ఆ కంపెనీ ఉక్కు కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీది. అదే కార్నెగీ 1895లో పిట్స్‌బర్గ్ ఊళ్ళో తెరిచిన లైబ్రరీ గుమ్మం మీద 'ప్రజలకు ఉచితం' అని చెక్కి ఉంది. లోపలికి వెళ్ళి గంటసేపు కూర్చున్నాం, ఎవరూ కార్డు అడగలేదు. పన్నెండు గంటల షిఫ్ట్ చేసి వచ్చినవాడు పుస్తకం ఎప్పుడు చదవాలయ్యా అని కూడా అనిపించింది.

ఆదివారం బస్సు పట్టుకుని డౌన్‌టౌన్ వెళ్ళాం. సెలవు రోజుల్లో బస్సులు తక్కువ. ముప్పావుగంట నిలబడ్డాం, ఆ ముప్పావుగంటలో మా ఆయన కారును తలుచుకోని నిమిషం లేదు. దిగేటప్పుడు ప్రతివాళ్ళూ డ్రైవరుకు థాంక్స్ చెప్పి దిగుతున్నారు. న్యూజెర్సీ నుంచి వచ్చినవాళ్ళం కదా, అదే వింతగా చూశాం.

ఉత్తరం నుంచి ఎలిగెనీ, దక్షిణం నుంచి మొనోంగహీలా వచ్చి కలిసి ఒహాయో నదిగా మారే కొసన పార్కు కట్టారు, ఫౌంటెన్ పెట్టారు. మూడు నదులనగానే నా నోటికి త్రివేణి సంగమం అనే మాటే వచ్చింది. తమాషా ఏమిటంటే అంతర్వాహిని కూడా ఉంది. నేల కింద ఇసుక, కంకర పొరల్లో నీటి ప్రవాహం ఒకటుంది, దాన్ని ఇక్కడివాళ్ళు నాలుగో నది అంటారు. ఫౌంటెన్‌కి నీళ్ళు అక్కడివే. నేను చెప్పులు విడిచి కాళ్ళు తడుపుకుని, నాలుగు చుక్కలు నెత్తిన జల్లుకున్నాను. పక్కనున్న అమెరికన్ పాప నన్ను చూసి తనూ జల్లుకుంది.

వంతెనలు 446 అని చెప్తారు. మేం లెక్కపెట్టలేదు. ఎలిగెనీ మీద వరసగా మూడు పసుపు వంతెనలున్నాయి, అచ్చు ఒకే పోలిక, అక్కచెల్లెళ్ళంటారు. ఒకదానికి బేస్‌బాల్ ఆటగాడు రొబెర్టో క్లెమెంటే పేరు, ఒకదానికి చిత్రకారుడు ఆండీ వార్హోల్ పేరు, ఒకదానికి పురుగుమందుల మీద కలం పట్టిన రేచెల్ కార్సన్ పేరు. క్లెమెంటే 1972లో నికరాగ్వా భూకంప బాధితులకు సామాన్లు తీసుకెళ్తూ విమానం కూలి చనిపోయాడు. మూడు పేర్లలోనూ రాజకీయ నాయకుడు ఒక్కడూ లేడని మా ఆయన గుర్తు చేశారు.

సాయంత్రం కొండ ఎక్కాం. నడిచి కాదు, ఇంక్లైన్‌లో. కొండవాలు మీద రెండు పట్టాలు, రెండు ఎర్ర పెట్టెలు. ఒకటి పైకి వెళ్తుంటే ఇంకోటి కిందకి వస్తుంది. బావి గిలకకు రెండు బిందెలు కట్టినట్టే, ఒకదాని బరువు ఇంకోదాన్ని లాగుతుంది. మేం ఎక్కిన డుకేన్ ఇంక్లైన్ 1877 నాటిది. పైన స్టేషన్లో యంత్రం గది చూడొచ్చు. పెద్ద పళ్ళచక్రం, దాని పళ్ళు చెక్కవి, ఇప్పటికీ. కొండ మీద కాపురాలుండి కింద మిల్లుల్లో పనిచేసేవాళ్ళ కోసం వేసిన బండి ఇది. 1962లో నష్టమని ఆపేస్తే, కొండ మీది జనం చందాలు వేసుకుని మరుసటేడు మళ్ళీ నడిపించుకున్నారు. మాతోపాటు ఎక్కినవాళ్ళలో సగం మంది కెమెరాలు తీశారు. ఒకావిడ మాత్రం కూరగాయల సంచి ఒళ్ళో పెట్టుకుని ఫోన్లో ఎవరినో తిడుతూ కూర్చుంది. ఆవిడకది రోజూ ఇంటికెళ్ళే బండి. నాకు నదుల కంటే ఆవిడే ఎక్కువ నచ్చింది.

దిగేటప్పుడు ఫోన్లో మ్యాప్ చూసుకుని నడుద్దామన్నారు మా ఆయన. మ్యాప్‌లో వీధి అని ఉన్నది తీరా చూస్తే మెట్లు. ఈ ఊళ్ళో 700కు పైగా మెట్లదారులున్నాయి, కొన్ని కాగితాల్లో నిజంగానే వీధులు. ఇరుపక్కలా ఇళ్ళు, ఒక ఇంటి అరుగు మీద టమాటా మొక్కలు. సింహాచలం మెట్లలా మధ్యలో మజ్జిగ అమ్మేవాళ్ళుంటే ఎంత బాగుండు అనుకుంటూ, మోకాళ్ళు పట్టుకుని దిగాను.

సోమవారం లేబర్ డే ఊరేగింపు. మిగతా చోట్ల లేబర్ డే అంటే డిస్కౌంట్ సేల్. ఇక్కడ ఉక్కు కార్మికులు, కరెంటు పనివాళ్ళు, పైపులవాళ్ళు, టీచర్లు ఎవరి యూనియన్ చొక్కా వాళ్ళు వేసుకుని, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని నడిచారు. నాకు మేడే రోజు ఉక్కునగరం గుర్తొచ్చింది.

ఊరంతా పూలపాన్పేమీ కాదు. 1950లో 6,76,000 జనం, 2020 లెక్కల్లో 3,03,000. సగానికి పైగా ఖాళీ అయిపోయింది. డౌన్‌టౌన్ దాటి కొన్ని వీధుల్లోకి వెళ్తే చెక్కలు కొట్టేసిన కిటికీలే. దగ్గర్లోని బ్రాడక్‌లో 1875 నాటి ఉక్కు కర్మాగారం ఇంకా నడుస్తోంది, గాలి అటునుంచి వీస్తే కుళ్ళిన గుడ్ల వాసన. ఇళ్ళు చవక, రోడ్లు ఖాళీ, మ్యూజియంలు పెద్దవి అని సంబరపడేటప్పుడు, ఇవన్నీ రెట్టింపు మందికి కట్టినవని, ఆ మంది పని పోయి వెళ్ళిపోయారని మర్చిపోలేకపోయాను. ఉండిపోయినవాళ్ళు మాత్రం దేన్నీ దాచలేదు. చల్లారిన ఫర్నేస్‌ను చూపించి, ఇది మా నాన్న పనిచేసిన చోటు అని చెప్పుకుంటున్నారు. 2021లో విశాఖ ఉక్కు ప్రైవేటీకరణ మాట వచ్చిన దగ్గర్నుంచీ మా నాన్న పేపర్లో ప్లాంటు వార్త ఉన్న పేజీ మడిచి పక్కన పెట్టేయడం నాకు తెలుసు.

మంగళవారం కారు వచ్చింది. బిల్లు గురించి మాట్లాడొద్దని ఇంట్లో ఒప్పందం. గుడికెళ్ళి, రావాల్సిన శుక్రవారం దర్శనం మంగళవారం చేసుకుని, పులిహోర పొట్లాలు కట్టించుకుని హైవే ఎక్కాం. పొట్లం విప్పుతుండగా నాన్న ఫోన్.

"ఆ రోజు అడగడం మర్చిపోయానమ్మా. ఆ గైడు, మిల్లు మూసేశాక ఎక్కడ చేశాట్ట? పెన్షన్ వస్తోందా ఆయనకి?"

"అడగలేదు నాన్నా."

"అడగాల్సింది కదా," అన్నాడు. కాసేపాగి, "మళ్ళీ గుడికెళ్తారు కదా, అప్పుడడుగు," అని పెట్టేశాడు.