అగ్గిపెట్టె మీద బ్యాట్స్‌మన్

కందుకూరులో ఓ పాత చిల్లర కొట్టు ఖాళీ చేస్తుంటే క్రికెట్ బొమ్మల అగ్గిపెట్టెలు దొరికాయి. ఎంత సంబరమో! ఒకదాని మీద ఎరుపు రంగు గీత దాటి బ్యాట్స్‌మన్ ప్యాడ్ల మీదికి జారింది. బొమ్మలు కత్తిరించను, పెట్టెలు పెట్టెలుగానే దాస్తాను.

అమెరికాలో పోస్ట్ కంపెనీ 1961లో కార్న్‌ఫ్లేక్స్ లాంటి సీరియల్ పెట్టెల వెనక 200 మంది బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డులు అచ్చేసింది. 1975 నుంచి హోస్టెస్ అనే కంపెనీ వాళ్లు కేకుల పెట్టెల అడుగున మూడేసి కార్డులు వేశారు. పిల్లలు కత్తెర పట్టుకుని కోసేసుకునేవాళ్లు. అందుకే కోయని పెట్టెకి ఇప్పుడు గిరాకీ ఎక్కువ. నాకైతే వంకర కోతలన్నా ప్రాణమే, వాటిలో ఆ పిల్లల ఆత్రం కనిపిస్తుంది.

నెల్లూరు, ఒంగోలు వైపు ఎవరి దగ్గరైనా ఇలాంటివి ఉంటే పాత సామాన్లకు వేసేయకండి, ముందు నాకో ఫొటో పంపండి.