దారుల వైశాల్యం: సూత్రాలు కాదు, మధ్యగీత చాలు

రైల్వే ఎన్‌టీపీసీ (సాంకేతికేతర ఉద్యోగాల) పరీక్షకు చదువుతున్న మిత్రులకు, అందులోనూ చెన్నైలో ఉంటూ తెలుగులో చెప్పేవారు దొరకక సొంతంగా లెక్కలు చేసుకుంటున్నవారికి ఇది రాస్తున్నాను.

దీర్ఘచతురస్రాకార స్థలంలో దారుల లెక్కలకు చాలామంది మూడు సూత్రాలు బట్టీ పడతారు. బయటి దారికొకటి, లోపలి దారికొకటి, మధ్యలో ఒకదాన్నొకటి దాటే దారులకొకటి. తీరా పరీక్షలో కూడాలా, తీసేయాలా అన్నది గుర్తురాదు. దయచేసి మూడింటినీ పక్కన పెట్టండి. దారికి సరిగ్గా నడుమ ఒక గీత గీసి, దాని పొడవును దారి వెడల్పుతో గుణిస్తే వైశాల్యం వచ్చేస్తుంది.

చెన్నైలో స్థలాలను గ్రౌండ్లలో చెబుతారు. ఒక గ్రౌండు 2400 చదరపు అడుగులు. నేను అభ్యాసానికి 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు ఉన్న గ్రౌండునే పెట్టుకున్నాను. లోపల గోడ వెంబడి చుట్టూ 3 అడుగుల దారి ఉందనుకోండి. మధ్యగీత అన్ని వైపులా గోడకు ఒకటిన్నర అడుగు లోపలికి ఉంటుంది. అంటే పొడవు 57, వెడల్పు 37, చుట్టుకొలత 188. దాన్ని 3తో గుణిస్తే 564. సందేహముంటే 54ను 34తో గుణించి, 2400 నుంచి తీసి చూసుకోండి. అదే దారి గోడకు బయట ఉంటే 63, 43, చుట్టుకొలత 212, వైశాల్యం 636.

స్థలం మధ్యలో నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి దారులుంటే గీతల పొడవు 60, 40 కలిపి 100. కూడలి రెండుసార్లు లెక్కకొచ్చింది కనుక ఒక వెడల్పు తగ్గించి, 97ను 3తో గుణిస్తే 291.

అసలు పరీక్ష తిరగేసి అడిగినప్పుడే. అదే స్థలంలో ఇలా ఒకదాన్నొకటి దాటే, ఒకే వెడల్పున్న రెండు దారులు పోగా 2016 చదరపు అడుగులు మిగిలితే వెడల్పెంత? ఇక్కడ వర్గసమీకరణం మొదలుపెట్టకండి. రెండు దారులనూ గోడల పక్కకు జరిపినట్టు ఊహించండి. మిగిలిన నాలుగు ముక్కలూ కలిసి ఒకే దీర్ఘచతురస్రం అవుతాయి. దాని పొడవు వెడల్పుల తేడా మొదట్లోలాగే 20. ఇక ఐచ్ఛికాలు 2, 3, 4, 5 అయితే ఒక్కోదాన్ని 60, 40 నుంచి తీసి, లబ్ధంలో ఒకట్ల స్థానం చూస్తే సరిపోతుంది: 58, 38 లబ్ధం చివర 4, 57, 37కు 9, 56, 36కు 6, 55, 35కు 5. మనకు కావలసింది 6, కాబట్టి జవాబు 4 అడుగులు. మొదటి దశలో 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, అందులో గణితం 30, తప్పుకు మూడో వంతు మార్కు కోత. అక్కడ ఈ ఊహ ఎంత సమయం మిగులుస్తుందో ఒక మాక్ టెస్టు రాస్తే మీకే తెలుస్తుంది.

వృత్తాకార తోట చుట్టూ దారికీ ఇదే పద్ధతి. లోపలి వ్యాసార్ధం 6, బయటిది 8 అయితే మధ్యగీత వ్యాసార్ధం 7, దాని చుట్టుకొలత (π = 22/7తో) 44, దారి వెడల్పు 2, వైశాల్యం 88.